పొగమంచులో దారి చూపేదెవరు?

జంషెడ్‌పూర్ నగరంలోని భాలుబాసా నుంచి సోనారీ విమానాశ్రయం కొద్ది కిలోమీటర్ల దూరమే. అయినా అత్యవసరంగా హైదరాబాదుకో, ఢిల్లీకో విమానంలో వెళ్లవలసివచ్చిన భాలుబాసా వాసి సోనారీ వైపు చూడడు. తెల్లవారకముందే టాక్సీ మాట్లాడుకుని, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలోని రాంచీకి ప్రయాణమవుతాడు. ఊరిలోనే విమానాశ్రయం ఉండగా పొరుగూరికి పోయి విమానమెక్కవలసి రావడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ దేశంలోని చిన్న విమానాశ్రయాలలో అనేకానికి పట్టిన దుస్థితే జంషెడ్‌పూర్‌కూ పట్టింది. విమానం దిగడానికి అక్కడ నేల ఉంది. కంటికి ఏమీ కానరాని వేళ విమానాన్ని ఆ నేలకు చేర్చే దారి లేదు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లి, తరతరాలుగా ఆ ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అసంఖ్యాకం. పండుగకైనా, పెళ్లికైనా, చావుకబురు అందినా వారికి దిక్కు రైలే. విమానయానం విషయంలో ఈ నగరం ఇంత వెనుకబడి ఉండడంలో చారిత్రకమైన వైచిత్రి కూడా ఒకటి ఉంది. 1932 అక్టోబరు 15న తపాలా సంచులతో కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం నడిపి, దేశంలో పౌర విమానయానానికి శ్రీకారం చుట్టిన జె.ఆర్.డి. టాటా ఈ నగర ఉక్కు కర్మాగారానికి దశాబ్దాల పాటు అధిపతిగా ఉన్నారు. ఆనాడు ఆయన విమానంలో రేడియో లేదు, నేల మీద దారి చూపే సాధనమూ లేదు. కంటికి కనిపించిన తీరరేఖే ఆధారం. తొంభై ఏళ్లు గడిచినా సోనారీలో దిగే పైలట్‌కు ప్రధాన ఆధారం కళ్లే కావడం గమనార్హం.

సోనారీలో విమానాలే దిగవని కాదు. టాటా స్టీల్ సంస్థ అధీనంలోని ఆ రన్‌వే మీద చిన్న విమానాలు, శిక్షణ విమానాలు చాలాకాలంగా తిరుగుతూనే వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ 'ఉడాన్' పథకం కింద 2023 జనవరి ఆఖరున తొమ్మిది సీట్ల విమానంతో కోల్‌కతా, భువనేశ్వర్‌లకు సర్వీసులు ప్రారంభమైనప్పుడు నగరం సంబరపడింది. అయితే కంటిచూపు మీద ఆధారపడి దిగవలసిన విమానాశ్రయానికి శీతకాలపు ఉదయమే ప్రథమ శత్రువు. చూపు నిబంధనల ప్రకారం నడిచే విమానానికి మామూలుగా 5 కిలోమీటర్ల మేరకు స్పష్టంగా కనిపించాలి. డిసెంబరు, జనవరి మాసాల్లో సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద కమ్ముకునే మంచు, కర్మాగారాల పొగతో కలిసినప్పుడు అయిదు కిలోమీటర్ల మాట అటుంచి అయిదు వందల మీటర్ల దూరాన ఉన్నదేమిటో తెలియదు. అటువంటి ఉదయాన టిక్కెట్టు కొన్నవారు సూర్యుడి దయ కోసం ఎదురుచూడవలసిందే.

విమానం మబ్బులోకో, మంచులోకో ప్రవేశించిన తరువాత పైలట్‌కు కళ్లు పనిచేయకపోవడం ఒక్కటే సమస్య అయితే ఇంత చర్చ అవసరం లేదు. అంతకంటె పెద్ద ప్రమాదం ఆయన శరీరంలోనే ఉన్నది. మనిషికి నిలకడ తెలిపేది లోపలి చెవిలోని ద్రవం. విమానం నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి తిరుగుతూ ఉంటే కొద్ది సేపటికి ఆ ద్రవం స్థిరపడిపోతుంది. విమానం తిన్నగానే పోతున్నదని చెవి చెబుతుంది. పైలట్ దానిని సరిదిద్దగానే ఇప్పుడు ఎదురు పక్కకు ఒరుగుతున్నామన్న భ్రమ కలుగుతుంది. తన ఒంటి మాట విని తిరిగి మొదటి ఒరుగుకే పోయిన పైలట్లు ఎందరో నేలకూలారు. అందుకే పరికరాల మీద విమానం నడపడం నేర్చుకునే శిష్యుడికి గురువు చెప్పే తొలి పాఠం నీ ఒంటిని నమ్మవద్దని, ఎదుటి అద్దాల వెనుక కదిలే ముల్లులను నమ్మమని. 1929 సెప్టెంబరు 24న అమెరికా సైనిక వైమానికుడు జిమ్మీ డూలిటిల్ తన గదిని పూర్తిగా కప్పివేయించి, బయట ఏమీ చూడకుండా కేవలం పరికరాల సాయంతో ఎగిరి తిరిగి దిగినప్పుడు ప్రపంచానికి ఈ సంగతి రుజువైంది.

నేటి విమానాశ్రయాలలో ఈ పని చేసేది ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టమ్. వాడుకలో ఐఎల్‌ఎస్. పేరు గంభీరమే కాని దాని సూత్రం చిన్నది. రన్‌వే చివర ఒక ఏంటెనాల వరుస ఉంటుంది. దానిని లోకలైజర్ అంటారు. అది రన్‌వే మధ్యగీతకు ఇరుపక్కలా రెండు రకాల రేడియో ధ్వనులు పంపుతుంది. దిగివచ్చే పైలట్‌కు ఎడమవైపు సెకనుకు 90 కంపనాలది, కుడివైపు 150 కంపనాలది అధికంగా వినిపిస్తుంది. విమానంలోని పరికరం ఆ రెంటినీ తూచి, ఎడమది ఎక్కువైతే కుడికి, కుడిది ఎక్కువైతే ఎడమకు రమ్మని ముల్లు చూపుతుంది. రెండూ సమానమైతే విమానం సరిగ్గా నడిగీత మీద ఉన్నట్లు. ఇదే పద్ధతిలో రన్‌వే పక్కన నిలబెట్టిన మరో ఏంటెనా, గ్లైడ్ స్లోప్, ఎత్తుపల్లాలు చెబుతుంది. పైన 90, కింద 150. మధ్యన ఉన్నది సాధారణంగా 3 డిగ్రీల వాలుతో దిగే కనిపించని బాట. ఆ బాట మీద ఒక నాటికల్ మైలు ముందుకు పోతే విమానం సుమారు 318 అడుగులు కిందికి దిగుతుంది. పక్కచూపు, ఎత్తుచూపు రెండూ ఇంత సూక్ష్మంగా అందుతాయి కనుకనే దీనికి ప్రిసిషన్ అప్రోచ్, అంటే కచ్చితమైన అవతరణ అని పేరు వచ్చింది. పక్కకు మాత్రమే దారి చూపి, ఎత్తు సంగతి పైలట్ లెక్కకు వదిలేసే పద్ధతులను ఆ కోవలో చేర్చరు. ఈ తేడా పుస్తకాలలోని పారిభాషిక వివాదం కాదని మన దేశ ప్రమాదాల చరిత్ర చెబుతోంది.

బాట మీద విమానాన్ని నిలపడం చూసినంత సులభం కాదు. ముల్లు పక్కకు జరిగిందని చుక్కానిని గట్టిగా తిప్పే పైలట్ ముల్లును దాటిపోతాడు, వెనక్కు తెచ్చేలోగా అటుపక్కకు పోతాడు. బాట నేలకు చేరే కొద్దీ సన్నబడుతుంది. పది మైళ్ల దూరాన సరిపోయిన సవరణ రన్‌వే ముంగిట పనికిరాదు. అందువల్ల అనుభవజ్ఞులు ముల్లును తరమరు. గాలి ఎటు వీస్తున్నదో అంచనా వేసి, దానికి తగిన దిశను పట్టుకుని, ఒకటి రెండు డిగ్రీలకు మించని సవరణలతో నెట్టుకొస్తారు. దిగే వేగానికి వారు నోటి లెక్క ఒకటి వాడతారు. నేల మీది వేగం గంటకు ఎన్ని నాట్లో దానిని 5తో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 120 నాట్ల వేగానికి 600 అడుగులు, 140కి 700 అడుగులు. చూపు ఏ ఒక్క పరికరం మీదా నిలిచిపోకూడదు. విమానపు ఒరుగు, వేగం, ఎత్తు, దిశ, ముల్లులు, మళ్లీ ఒరుగు. ఈ ప్రదక్షిణం ఆగిన క్షణంలో ఏదో ఒకటి చేజారుతుంది.

ఈ విద్యకంతటికీ కీలకం నిర్ణయపు ఎత్తు. మొదటి కేటగిరీ ఐఎల్‌ఎస్‌లో ఇది మామూలుగా నేల నుంచి 200 అడుగులు, రన్‌వే మీద చూపు 550 మీటర్లు. రెండో కేటగిరీకి 100 అడుగులు, 300 మీటర్లు. మూడో కేటగిరీలోని పై మెట్టులో 50 మీటర్ల చూపుతో కూడా దిగవచ్చు. కానీ అప్పుడు విమానాన్ని దించేది యంత్రమే. నిర్ణయపు ఎత్తుకు చేరగానే రన్‌వే దీపాలో, రన్‌వేనో కనిపించాలి. కనిపించకపోతే మారుమాట లేకుండా శక్తి పెంచి పైకి లేవాలి. 140 నాట్ల వేగంతో దిగే విమానానికి ఆ 200 అడుగుల నుంచి నేలకు మిగిలేది దాదాపు 17 సెకన్లు. చర్చకు, సందేహానికి అక్కడ తావు లేదు. కనుకనే ఆ నిర్ణయాన్ని ముందుగానే, నేల మీద ఉన్నప్పుడే తీసుకుని రావాలని శిక్షణలో నూరిపోస్తారు.

ఈ నియమం తప్పినప్పుడు ఏమవుతుందో 1973 మే 31 రాత్రి ఢిల్లీ చూసింది. మద్రాసు నుంచి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం ప్రతికూల వాతావరణంలో పాలం వద్ద దిగబోతూ, రన్‌వే కనిపించకపోయినా కనీసపు ఎత్తు కంటె కిందికి దిగి విద్యుత్ తీగలను తాకి కూలిపోయింది. 65 మందిలో 48 మంది మరణించారు. వారిలో కేంద్ర ఉక్కు, గనుల శాఖ మంత్రి మోహన్ కుమారమంగళం కూడా ఉన్నారు. ఉక్కు నగరం సంతాపం పాటించిన ఆ దుర్ఘటనకు మూలం కొన్ని వందల అడుగుల తొందరపాటు.

పక్కచూపు ఉండి ఎత్తుచూపు లేకపోతే ఏమవుతుందన్నదానికి 1988 అక్టోబరు 19 నాటి అహ్మదాబాద్ దుర్ఘటన నిదర్శనం. బొంబాయి నుంచి ఉదయాన్నే బయలుదేరిన బోయింగ్ 737 మసక వాతావరణంలో అహ్మదాబాద్ చేరింది. పైలట్లు లోకలైజర్ సాయంతో, దూరమాపకాన్ని చూసుకుంటూ దిగసాగారు. వాలు చెప్పే ముల్లు ఆ పద్ధతిలో లేదు. ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో వారే లెక్క చూసుకోవాలి. దృష్టి రన్‌వే కోసం వెతకడంలో పడింది, ఎత్తు చేజారింది. విమానం రన్‌వేకు ఇంకా రెండు కిలోమీటర్లకు పైగా దూరాన ఉండగానే చెట్లను, విద్యుత్ స్తంభాన్ని ఢీకొని పొలాల్లో పడిపోయింది. విమానంలోని 135 మందిలో 130 మందికి పైగా మరణించారు. పైలట్ల తప్పిదాన్ని దర్యాప్తు ఎత్తిచూపింది, న్యాయమే. కానీ ఆనాటి వారి పరికరంలో అడ్డంగా కదిలే మరో ముల్లు ఉండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న నేటికీ వేధిస్తుంది.

అలాగని ఐఎల్‌ఎస్ పెట్టిన చోటల్లా ప్రమాదాలు మాయమవుతాయనుకుంటే అది అమాయకత్వమే. 2000 జూలై 17న కలకత్తా నుంచి వచ్చిన అలయన్స్ ఎయిర్ విమానం పాట్నాలో దిగబోతూ గర్దనీబాగ్‌లోని ప్రభుత్వోద్యోగుల నివాసాల మీద కూలి 60 మందిని బలిగొన్నది. జంషెడ్‌పూర్ అప్పటికింకా బీహార్‌లోనే ఉంది. ఆ విమానం దిగవలసిన ఎత్తు కంటె పైన ఉండిపోయిందని, నిర్దేశించిన పద్ధతిని పైలట్లు పాటించలేదని, వేగాన్ని ప్రమాదకరంగా తగ్గనిచ్చి అదుపు కోల్పోయారని దర్యాప్తు సంఘం తేల్చింది. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం బాట కంటె బాగా ఎత్తున వస్తున్నా, తిరిగి పైకి లేద్దామని సహ పైలట్ మూడుసార్లు చెప్పినా, కెప్టెన్ దించడానికే మొగ్గు చూపారు. 158 మంది మరణించారు. బతికి బయటపడినవారు 8 మందే. ఆనాడు అక్కడ మంచు లేదు, చూపు బాగానే ఉంది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో ఇదే వ్యథ పునరావృతమైంది. వర్షంలో, వెనుకగాలితో దిగిన విమానం రన్‌వేలో దాదాపు సగం దాటాక గాని నేలను తాకలేదు. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది మరణించారు. మంగళూరు, కోళికోడ్ రెండూ కొండ మీద చదును చేసిన రన్‌వేలు, రెండుచోట్లా దర్యాప్తు ఎత్తిచూపినది కుదురుకోని అవతరణను విరమించుకోకపోవడాన్నే.

ఈ మూడు ఘటనలలోనూ పైలట్ల మీదనే నెపం మోపి చేతులు దులుపుకోవడం సులువు. ఇంధనం లెక్కలు, వేళకు చేర్చవలసిన ఒత్తిడి, తిరిగి పైకి లేస్తే రేపు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుందేమోనన్న జంకు కాక్‌పిట్‌లోకి ఎలా చొరబడతాయో యాజమాన్యాలకు తెలియనిది కాదు. అవతరణ విరమించుకుని మరో ప్రయత్నం చేసిన పైలట్‌ను ఎవరూ వేలెత్తి చూపరాదన్న విధానం కాగితం మీద ఉంటే చాలదు. ప్రయాణికులు కూడా ఈ విషయంలో పూర్తిగా నిర్దోషులు కారు. విమానం నేలను తాకబోతూ ఒక్కసారిగా పైకి లేస్తే గగ్గోలు పెట్టేవారు, ఆ పైలట్ తమ ప్రాణాలను కాపాడాడేమోనని ఆలోచించడం అరుదు.

మరి సోనారీలో ఐఎల్‌ఎస్ నెలకొల్పితే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే అసలు చిక్కు. రేడియో బాట వంకర పోకుండా ఉండాలంటే ఏంటెనాల ముందు విశాలమైన చదునైన నేల కావాలి. మొదటి కేటగిరీ పూర్తి ప్రమాణాల దీపాల వరుసకే రన్‌వే ముందు 900 మీటర్ల స్థలం అవసరం. దారి పొడవునా ఎత్తైన కట్టడాలు ఉండరాదు. సోనారీ రన్‌వే పొడవు సుమారు 4 వేల అడుగులు మాత్రమే. చుట్టూ నివాసాలు, చేరువలో నదులు, కర్మాగారపు పొగగొట్టాలు, ఉత్తరాన దల్మా కొండలు. విమానాశ్రయం చుట్టూ నగరం పెరిగిపోయింది. ఈ తప్పు ఒక్క జంషెడ్‌పూర్‌దే కాదు, నగరం నడిబొడ్డున చిక్కుకున్న మన పాత విమానాశ్రయాలన్నింటిదీ ఇదే కథ. 2024 ఆగస్టులో సోనారీ నుంచి ఎగిరిన శిక్షణ విమానం చాండిల్ జలాశయంలో కూలి శిక్షకుడు, శిష్యుడు ఇద్దరూ మరణించినప్పుడు ఈ విమానాశ్రయం దేశం దృష్టికి వచ్చింది. విమానాన్ని నీటి నుంచి వెలికితీయడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళ బృందం వెళ్లవలసివచ్చింది. ఆ దుర్ఘటనను అవతరణ సదుపాయాల లేమితో ముడిపెట్టడం న్యాయం కాదు. కాని ఆ నాలుగు రోజులూ అక్కడి సదుపాయాల గురించి మాట్లాడిన నాయకులు తరువాత ఆ ఊసెత్తకపోవడం మాత్రం గుర్తించదగినది.

నేల మీద చోటు లేకపోతే ఆకాశం నుంచి దారి వేసుకోవచ్చు. ఆ సాధనం భారతదేశం చేతిలోనే ఉంది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 774 కోట్ల రూపాయల వ్యయంతో రూపొందించిన 'గగన్' వ్యవస్థ అదే. ఉపగ్రహాల నుంచి వచ్చే స్థాన సంకేతాలలో అయనావరణం వల్ల, ఇతర కారణాల వల్ల కలిగే దోషాలను దేశవ్యాప్తంగా నెలకొల్పిన 15 కేంద్రాలు పసిగడతాయి. ఆ సవరణలు జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానానికి అందుతాయి. దీంతో పైలట్ ముందున్న ముల్లులు ఐఎల్‌ఎస్ ముల్లుల మాదిరిగానే పక్కకు, ఎత్తుకు దారి చూపుతాయి. విమానాశ్రయంలో ఖరీదైన ఏంటెనాలు అక్కరలేదు. ఎత్తు మార్గదర్శకత్వంతో కూడిన అవతరణకు ఈ వ్యవస్థ 2015 ఏప్రిల్‌లోనే ధ్రువీకరణ పొందింది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో సంస్థ ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగి చూపించింది. ధ్రువీకరణకు, ఆ తొలి ప్రదర్శనకు మధ్య ఏడేళ్లు పట్టాయి. వందల కోట్లు వెచ్చించి ఆకాశంలో రహదారి వేసి, దాని మీద బండ్లు నడపడానికి ఏడేళ్లు తటపటాయించిన దేశం మరొకటి ఉండకపోవచ్చు.

ఈ జాప్యానికి కారణాలు లేకపోలేదు. గగన్ సంకేతాలను అందుకునే పరికరం విమానంలో ఉండాలి. పెద్ద సంస్థల జెట్ విమానాలలో అనేకానికి అది లేదు, కొత్తగా పెట్టించడానికి సంస్థలు ఖర్చు సాకు చూపాయి. 2019 జనవరి నుంచి రిజిస్టరయ్యే విమానాలన్నింటిలో ఆ పరికరం ఉండాలని 2016 పౌర విమానయాన విధానం నిర్దేశించినా, గడువు తరువాత పొడిగింపులకు గురైంది. ప్రధాన నగరాలలో ఐఎల్‌ఎస్ ఉన్నది కనుక పెద్ద సంస్థలకు గగన్ అవసరం కనిపించదు. అవసరం ఉన్నది చిన్న ఊళ్లకు, చిన్న విమానాలకు. వాటి తరఫున గట్టిగా అడిగేవారు లేరు. సోనారీలో ఈ పద్ధతి సాధ్యమా, కాదా అన్నది కొండల, పొగగొట్టాల ఎత్తులను కొలిచి, ప్రత్యేక విమానంతో ఎగిరి పరీక్షిస్తే గాని తేలదు. సాధ్యమే అయినా నిర్ణయపు ఎత్తు 250 అడుగులు కాక 500 అడుగులు కావచ్చు. అది కూడా ఇప్పటి గుడ్డి నిరీక్షణ కంటె మేలే. కనీసం కొలిచి చూస్తే తప్పేమిటన్నదే ప్రశ్న.

ఉపగ్రహాలనే సర్వస్వంగా నమ్ముకోవడమూ తగదు. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయ సమీపంలో కొన్ని విమానాలకు నకిలీ స్థాన సంకేతాలు అందినట్లు ప్రభుత్వమే పార్లమెంటుకు తెలియజేసింది. నేల మీది పాత సాధనాల తోడ్పాటుతో ఆ విమానాలు దిగగలిగాయి. ఉపగ్రహాలు వచ్చాయి కదా అని నేల మీది ఏంటెనాలను పీకివేసే తొందర ఎవరికైనా ఉంటే దానికి ఢిల్లీ అనుభవం హెచ్చరిక కావాలి. పెద్ద విమానాశ్రయాలకు రెండూ ఉండాలి. చోటులేని సోనారీ వంటి వాటికి ఒక్కటైనా ఉండాలి.

సాధనం ఉన్నా మనుషులు సిద్ధంగా లేకపోతే ఫలితం శూన్యమన్నది కూడా ఢిల్లీయే నేర్పింది. దట్టమైన మంచులోనూ దిగడానికి వీలైన మూడో కేటగిరీ సదుపాయం అక్కడ ఉన్నది. అయినా 2023 డిసెంబరు ఆఖరున ఆ శిక్షణ లేని పైలట్లను పంపడంతో విమానాలు ఇతర నగరాలకు మళ్లిపోయాయి. ఇందుకు బాధ్యులను చేస్తూ ఎయిర్ ఇండియా, స్పైస్‌జెట్ సంస్థలకు పౌర విమానయాన డైరెక్టరేట్ 2024 జనవరిలో చెరి 30 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఢిల్లీలో మంచు ఎప్పుడు పడుతుందో పంచాంగం చూడనక్కరలేదు, బడిపిల్లలకు కూడా తెలుసు. ఏటా వచ్చే అతిథికి ఏటా ఆశ్చర్యపోవడం మన విమానయాన సంస్థలకు అలవాటైపోయింది. గన్నవరంలో దిగవలసిన విమానం పొగమంచు వల్ల గాలిలో చక్కర్లు కొట్టి వెనుదిరిగిన వార్త మన పత్రికలలోనూ ప్రతి శీతకాలం చదువుతున్నదే.

జంషెడ్‌పూర్‌కు అసలైన పరిష్కారమని చెప్పబడినది ధల్‌భూమ్‌గఢ్. నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరాన, రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత రన్‌వే ఉన్న చోట కొత్త విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆనాడు రాష్ట్రంలోనూ, కేంద్రంలోనూ ఒకే పార్టీ ప్రభుత్వాలు ఉన్నాయి, పౌర విమానయాన శాఖ సహాయ మంత్రి కూడా జార్ఖండ్ నుంచి గెలిచినవారే. అయినా అటవీ భూమి, ఏనుగుల సంచారం ప్రశ్నల మీద ప్రాజెక్టు ఏళ్ల తరబడి ముందుకు కదలలేదు. ఏనుగుల దారిని గౌరవించవలసిందే. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయమని ఎవరూ కోరరు. శంకుస్థాపనకు ముందే తేల్చుకోవలసిన ప్రశ్నను శంకుస్థాపన తరువాతకు వాయిదా వేయడమే అభ్యంతరకరం.

ఉడాన్ పథకం చరిత్రలో తెలుగువారికి చోటుంది. 2016లో కొత్త విమానయాన విధానం వచ్చినప్పుడు, ఆ పథకం రూపుదిద్దుకున్నప్పుడు ఆ శాఖను నిర్వహించినది విజయనగరానికి చెందిన పి.అశోక్ గజపతిరాజు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని జెండా ఊపిన తొలి సర్వీసులలో కడప - హైదరాబాద్ ఒకటి. 2024 జూన్‌లో అదే శాఖ బాధ్యతలు స్వీకరించినవారు శ్రీకాకుళం లోక్‌సభ సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు. జంషెడ్‌పూర్ తెలుగువారిలో ఆయన జిల్లా నుంచి వెళ్లిన కుటుంబాలు తక్కువేమీ కాదు. ఢిల్లీలో ఎవరినైనా అడిగే చనువు వారికి ఉన్నదంటే అది ఆయననే.

అడగవలసినది పెద్దది కూడా కాదు. ఉడాన్ కింద తెరిచిన ప్రతి విమానాశ్రయంలో ఏ రకపు అవతరణ సదుపాయం ఉన్నది, కనీసం ఎంత చూపు ఉంటే విమానం దిగగలదు, గడచిన శీతకాలంలో చూపు చాలక రద్దయిన సర్వీసులు ఎన్ని అన్న మూడు విషయాలను శాఖ బహిరంగంగా ప్రకటించాలి. టిక్కెట్టు కొనేవాడికి అది తెలుసుకునే హక్కు ఉంది. సబ్సిడీ పొందే చిన్న విమానాలలో గగన్ పరికరం తప్పనిసరి చేసి, ఆ ఖర్చులో కొంత సబ్సిడీలోనే భరించవచ్చు. కొత్త రన్‌వేకు సొమ్ము మంజూరు చేసేటప్పుడే అవతరణ సదుపాయానికీ, దాని పైలట్ల శిక్షణకూ, ఏటేటా జరగవలసిన తనిఖీలకూ సొమ్ము విడిగా కేటాయించాలి. ఐఎల్‌ఎస్ ఒకసారి నిలబెట్టి వదిలేసే స్తంభం కాదు. ఏంటెనాల ముందు ఒక లారీ ఆగినా, గడ్డి ఏపుగా పెరిగినా బాట వంగుతుంది. అందుకే ప్రత్యేక విమానాలు నిర్ణీత కాలవ్యవధుల్లో ఎగిరి దానిని సరిచూడవలసి ఉంటుంది.

విమానయాన సంస్థల శీతకాలపు వేళాపట్టిక అక్టోబరు ఆఖరు ఆదివారం నుంచి అమలులోకి వస్తుంది. ఆ తేదీలోగా సోనారీ వద్ద గగన్ అవతరణ సాధ్యాసాధ్యాల సర్వేకు ఆదేశమివ్వడానికి పార్లమెంటు ఆమోదం గాని, అటవీ శాఖ అనుమతి గాని అవసరం లేదు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ అధికారులు, టాటా స్టీల్ యాజమాన్యం ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు. దల్మా కొండల ఎత్తు మాప్‌లో ఉంది, పొగగొట్టాల ఎత్తు కర్మాగారం రికార్డులలో ఉంది. పని మొదలుపెట్టడానికి కావలసిన కాగితాలు ఇప్పటికే వారి బీరువాలలో ఉన్నాయి.